కప్పు బండి తొట్టిలోకి నీరు, ధూళి చేరే తీరు, నివారణ: పలివెల పరిసర రవాణా ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కోనసీమలో కొబ్బరి, అరటి, ధాన్యం, పూతరేకులు వంటి సరుకుల రవాణాకు చిన్న ట్రక్కులు ప్రధాన సాధనాలయ్యాయి. వీటి తొట్టికి కప్పు వేసినంత మాత్రాన సరుకుకు రక్షణ కలగడం లేదు. కప్పు కింద తడి, తలుపు మూసిన తొట్టిలో ధూళి సర్వసాధారణంగా కనిపిస్తాయి. ఇందుకు గల భౌతిక కారణాలను వివరించి, గూడు బండి, పడవ, పెంకుటిల్లు వంటి పూర్వ నిర్మాణాలలో ఇమిడి ఉన్న పరిజ్ఞానంతో వాటిని పోల్చి, సరుకు స్వభావాన్ని బట్టి నివారణ ఎలా మారాలో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కప్పు బండి, తొట్టి, బరకం, చూరు, సందు, ధూళి, తేమ, వృత్తిపదాలు, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయం వల్ల ప్రసిద్ధమైన పలివెల, కొత్తపేటకు చేరువలో ఉన్న గ్రామం. చుట్టూ కొబ్బరితోటలు, వరిపొలాలు, కాలవలు. ఇక్కడి రైతు పండించినది ఏదైనా ఊరి పొలిమేర దాటక తప్పదు. అరటిగెలలు రావులపాలెం మార్కెట్టుకు, కొబ్బరి అంబాజీపేటకు, ధాన్యం మిల్లులకు పోతాయి. ఈ ప్రయాణాలు దూరం రీత్యా చిన్నవే. కాని దారి ఒకే తీరుగా ఉండదు. తారురోడ్డు మీద మొదలైన బండి కాలవగట్టు మట్టిదారిలోకి దిగుతుంది, లంకల వైపు వెళితే ఇసుకలో నడుస్తుంది. నైరుతి రుతుపవనాల వానలు ముగిశాయనుకునే సమయానికి అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండాలు మొదలవుతాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన సంగతి తెలిసిందే. వాన లేని నెలల్లో దాళ్వా కోతల ధూళి, ఇసుక లారీల ధూళి ఆ లోటు తీరుస్తాయి.

ఈ దారుల మీద ఎడ్లబండి స్థానాన్ని చిన్న ట్రక్కు ఆక్రమించింది. 2005లో విపణిలోకి వచ్చిన టాటా ఏస్, ఆ తరవాత ఊరూరా కనిపిస్తున్న బొలెరో పికప్ వంటి బండ్లు ఇందుకు ఉదాహరణలు. ఏస్ తొట్టి సుమారు 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటుంది. మోయగల బరువు సుమారు 750 కిలోలు. కంపెనీ నుంచి వచ్చే తొట్టి సాధారణంగా తెరిచి ఉంటుంది. దానికి ఊసలు వంచి బరకం కప్పుతారు, లేదా రేకుతో గది కట్టిస్తారు. విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల ఇటువంటి బాడీలు కట్టడం ఒక పెద్ద వృత్తి.

ఈ వృత్తికి సంబంధించిన పరిజ్ఞానం తెలుగులో రాతరూపం దాల్చింది తక్కువ. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను సేకరించింది. బండి భాగాలకు తెలుగు రైతు ఎన్ని పేర్లు పెట్టుకున్నాడో చూడదలచినవారికి అది ఇప్పటికీ ఆకరం. చిన్న ట్రక్కు ఆ తరవాతి కాలానిది కనుక దాని భాగాల పేర్లు అటువంటి సేకరణకు ఇంకా ఎదురుచూస్తున్నాయి. పదాలు నమోదు కానిచోట వాటి వెనుక ఉన్న పని తెలివి కూడా నమోదు కాదు. అందువల్ల ఇక్కడ పదంకన్నా ముందుగా పనిని వివరించవలసి వస్తోంది.

2. పూర్వ నిర్మాణాలలోని పరిజ్ఞానం

సరుకును వానకు తడవకుండా చేరవేయడం గోదావరి డెల్టాకు కొత్త సమస్య కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిన తరవాత కాలవలు సాగునీటితోపాటు రవాణాకూ మార్గాలయ్యాయి. ధాన్యం, కొబ్బరి పడవల మీద సాగాయి. ఎడ్లబండికి వెదురుబద్దలు వంచి, చాపలో తాటాకో కప్పిన గూడు ఉండేది. పడవకూ అటువంటి గూడే. ఈ గూళ్లలో మూడు విశేషాలు గమనించదగినవి.

గూడు పైభాగం ఎప్పుడూ వంపు తిరిగి ఉంటుంది, చదునుగా ఉండదు. పడిన నీరు నిలవదు. గూడు అంచు బండి పక్కచట్రం కన్నా బయటికి పొడుచుకుని వస్తుంది. జారిన నీరు చట్రం మీద కాక నేలమీద పడుతుంది. ఇక మూడవది, గూడు ముందూ వెనకా తెరిచే ఉంటుంది. ఎడ్లబండి వేగం మనిషి నడకతో సమానం కనుక ముందునుంచి వాన కొట్టే సమస్య స్వల్పం. ధూళి ఎడ్ల గిట్టల కింద లేచినా, బండి దానిని తనవైపు లాక్కునేంత వేగంతో నడవదు. మొదటి రెండు విశేషాలను చిన్న ట్రక్కుకు యథాతథంగా తీసుకోవచ్చు. మూడవది తీసుకుంటేనే చిక్కు.

కోనసీమ పెంకుటిల్లు ఇదే సూత్రాన్ని ఇంకా స్పష్టంగా చెబుతుంది. పై వరస పెంకు కింది వరస పెంకు మీదికి వస్తుంది గాని దాని కిందికి పోదు. రెండు పెంకుల మధ్య సందు ఉంటుంది. ఏ మైనమూ, ఏ జిగురూ ఆ సందును మూయదు. అయినా ఇల్లు కారదు. నీటిని ఆపేది అతుకు కాదు, వాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కే తీరు. మండువా లోగిలిలో నాలుగు వైపుల చూర్లనుంచి నీరు మండువాలోకి దిగి తూము ద్వారా బయటికి పోతుంది. అంటే నీరు ఇంటి నడిమధ్యకు వచ్చినా దాని దారి ముందే నిర్ణయమై ఉంది. పడవ విషయంలో మాత్రం పద్ధతి వేరు. అక్కడ నీరు కిందనుంచి, ఒత్తిడితో వస్తుంది. పలకల సందుల్లో దూది కూర్చి గుగ్గిలం పూయక తప్పదు. నీటికి దారి చూపడం ఒక పద్ధతి, నీటిని అడ్డగించడం మరో పద్ధతి. ట్రక్కు తొట్టి కట్టేవారు చాలాసార్లు మొదటిది చాలినచోట రెండవది వాడి, రెండవది కావలసినచోట ఏదీ వాడరు.

3. నీరు చేరే దారులు

పెరటిలో నిలబెట్టిన బండి మీద గొట్టంతో నీరు కొట్టి, లోపల తడి లేదని నిర్ధారించుకున్న యజమాని, మర్నాడు వానలో ప్రయాణించి వచ్చేసరికి బస్తాలు తడిసి ఉండడం చూసి ఆశ్చర్యపోవడం సహజం. దీనికి కారణం వాన దిశ. రెండు మిల్లీమీటర్ల వానచినుకు సెకనుకు సుమారు 6.5 మీటర్ల వేగంతో కిందికి పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 16.7 మీటర్లు ముందుకు సాగుతుంది. బండి దృష్టితో చూస్తే ఆ చినుకు నిలువుగా కాక, నిలువుకు దాదాపు 69 డిగ్రీల వాలులో, అంటే ఇంచుమించు అడ్డంగా వచ్చి తగులుతుంది. నడిచే బండికి కప్పుకన్నా ముందుగోడే వానను ఎక్కువగా ఎదుర్కొంటుంది. క్యాబిన్ ఎత్తు దాకా ఆ గోడకు చాటు ఉంటుంది, క్యాబిన్ కన్నా పైకి లేచిన భాగానికి ఉండదు. బరకం ముందు అంచు తొట్టిని కలిసే చోటు, రేకుగది ముందు మూల అతుకులు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. కనుక గొట్టంతో పరీక్షించదలచినవారు నీటిని పైనుంచి కాక, ముందునుంచి అడ్డంగా కొట్టి చూడాలి.

రెండవ దారి అంత సులువుగా కంటికి కనబడదు. ఇరుకైన సందులో నీరు తనంతట తాను పైకి ఎగబాకుతుంది. దీపపు వత్తిలో నూనె ఎక్కే తీరే ఇది. రెండు రేకుల మధ్య అర మిల్లీమీటరు సందు ఉంటే నీరు అందులో సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కగలదు. రేకు మీద రేకు వేసి రివెట్లు కొట్టినచోట ఇటువంటి సందులే ఉంటాయి. ‘దగ్గరగా అతికాం కదా, నీరు ఎలా వస్తుంది’ అనే ప్రశ్నకు సమాధానం, దగ్గరగా అతికినందువల్లనే వస్తుందని. సందును పూర్తిగా పూడ్చాలి, లేదా దాని వెనుక కావాలని వెడల్పు చేయాలి. వెడల్పైన చోటికి రాగానే నీటికి ఎగబాకే శక్తి పోయి కిందికి జారుతుంది. ఇళ్ల సజ్జాల అడుగున అంచుకు దగ్గరగా గాడి తీయడంలోని ఉద్దేశం కూడా ఇదే. గాడి లేకపోతే నీరు సజ్జా అడుగుభాగాన్ని అంటిపెట్టుకుని గోడ దాకా పాకుతుంది. బండి వెనుక తలుపు పైన ఒక అంగుళం మేర బయటికి వచ్చి, చివర కిందికి వంగిన రేకు చూరు వేయిస్తే తలుపు పై సందుకు సగం రక్షణ దొరికినట్టే. ఖర్చు తక్కువ. అయినా కొత్త బాడీలలో సైతం ఇది లోపించడం విచారకరం.

మూడవది నిలవనీరు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. ఏస్ తొట్టి కప్పు వైశాల్యం 3 చదరపు మీటర్లకు పైచిలుకు. గంటకు 50 మిల్లీమీటర్ల జోరువానలో ఆ కప్పు మీద గంటలో 160 లీటర్ల నీరు పడుతుంది. ఊసల మధ్య బరకం కుంగితే ఆ నీటిలో కొంత అక్కడే మడుగు కడుతుంది. కప్పులో సగం వైశాల్యం మీద 5 సెంటీమీటర్ల లోతున నీరు నిలిచిందనుకుంటే అది 80 కిలోలు. బరువుకు బరకం మరింత కుంగుతుంది, మరింత నీరు చేరుతుంది. చివరకు కుట్టు దగ్గరో, రింగుల దగ్గరో చినుగుతుంది. నైలాన్ తాడు తడిస్తే కొద్దిగా సాగుతుంది కనుక పొద్దున బిగించి కట్టిన బరకం వాన మొదలైన అరగంటకు వదులవుతుంది. ఊసలను పక్కలకు వాలుగా వంచడం, ఊసల మధ్య దూరం తగ్గించడం, నడుమ పొడవునా ఒక వెన్నుబద్ద వేయడం దీనికి మందు. గూడు బండి కట్టిన వడ్రంగికి ఈ మూడూ తెలుసు.

రెండు బరకాలు కలిపి కప్పేటప్పుడు ముందున్నది వెనుకదాని మీదికి రావాలి. తిరగవేస్తే ఎదురుగాలి అంచు కిందికి దూరి బరకాన్ని లేపుతుంది, వాన ఆ నోటిలోకే కొడుతుంది. ఇది పెంకుల సూత్రమే. పెంకుటింటికి వాలు కిందికి. నడిచే బండికి వాలు వెనక్కి అనుకోవాలి.

నాలుగవ దారి నేలనుంచి. చక్రాలు చిమ్మే నీరు తొట్టి అడుగు పలకల సందుల్లోంచి, డాబుసరి కోసం కోసిన దీపాల రంధ్రాల్లోంచి పైకి వస్తుంది. దీనిని చాలామంది కప్పు కారడంగా పొరబడి పైన మైనం, సిలికాన్ పూస్తూ పోతారు. అడుగు బస్తా మాత్రమే తడిసి పై బస్తా పొడిగా ఉంటే తప్పు పైన లేదు.

4. ధూళి చేరే తీరు

నీటి విషయంలో అనుభవజ్ఞులు తేలికగానే కారణం పట్టుకుంటారు. ధూళి అలా కాదు. అన్ని తలుపులు మూసి, ముందుగోడ గట్టిగా ఉన్నా వెనుకవైపు బస్తాల మీద పిండిలాంటి మట్టి పేరుకుంటుంది. బండి ముందుకు పోతుంటే ధూళి వెనక్కి పోవాలి గాని లోపలికి ఎందుకు వస్తుంది?

పెట్టెలాంటి ఆకారం గాలిని చీల్చుకుని ముందుకు సాగినప్పుడు దాని వెనుక గాలి వెంటనే కలుసుకోదు. అక్కడ కొంత వెలితి ఏర్పడి, ఒత్తిడి చుట్టుపక్కల కన్నా తగ్గుతుంది. ఆ వెలితిని నింపడానికి గాలి పక్కలనుంచి, కిందనుంచి సుడి తిరుగుతూ వస్తుంది. చక్రాలు లేపిన ధూళి ఆ సుడిలో చిక్కుకుని బండితోపాటు ప్రయాణిస్తుంది. వెనుక తలుపు నిత్యం ధూళిమేఘంలో మునిగి ఉంటుందన్నమాట. ఒత్తిడి తగ్గేది వెనుక మాత్రమే కాదు. కప్పు ముందు అంచు దగ్గర గాలి ఒక్కసారిగా మలుపు తిరిగేచోట అది వెనుకకన్నా ఇంకా తక్కువగా ఉంటుంది. కప్పు ముందు అంచులో ఎక్కడైనా సందు ఉంటే లోపలి గాలి అటు పీల్చుకుపోతుంది; ఆ లోటు తీర్చడానికి వెనుక తలుపు సందులోంచి ధూళితో నిండిన గాలి లోపలికి వస్తుంది. ధూళి దూరేది వెనుక, దానికి పిలుపు పంపేది ముందు. వెనుక తలుపుకు ఎంత ఖరీదైన రబ్బరు వేసినా ఫలితం సగమే కనిపించడానికి తరచు కారణం ఇదే. వెనుక అద్దం తెరిచి నడిపే కార్లలోకి సొంత పొగే తిరిగి రావడంలో ఉన్న సూత్రం కూడా ఇదే.

ఇందులో అంకెలు ఆసక్తికరం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి కలిగించే ఒత్తిడి సుమారు 17 మిల్లీమీటర్ల నీటిమట్టానికి సమానం. పెట్టె వెనుక ఏర్పడే వెలితి అందులో సుమారు అయిదో వంతు, అంటే మూడు మిల్లీమీటర్లకు కాస్త పైన. ఇంత స్వల్పమైన తేడా ఏం చేస్తుందనిపించవచ్చు. వెనుక తలుపు కింది అంచున 5 అడుగుల పొడవునా 3 మిల్లీమీటర్ల సందు ఉందనీ, దానికి అటూ ఇటూ ఒక్క మిల్లీమీటరు నీటిమట్టమంత ఒత్తిడి తేడా మాత్రమే ఉందనీ అనుకుందాం. ఆ సందులోంచి సెకనుకు సుమారు 10 లీటర్ల గాలి లోపలికి వస్తుంది. మనిషి ఎత్తున్న తొట్టి గదిలో పట్టే గాలి 5,000 లీటర్లకు అటూ ఇటూ. ఎనిమిది, తొమ్మిది నిమిషాల్లో తొట్టిలోని గాలి అంతటికీ సమానమైన ధూళిగాలి లోపలికి వచ్చి చేరుతుంది. కాలవగట్టు దారి ఎంత చిన్నదైనా అంతసేపు పట్టకుండా ఉండదు.

వేగం రెట్టింపైతే ఈ ఒత్తిడి నాలుగింతలవుతుంది. సగమైతే నాలుగోవంతుకు తగ్గుతుంది. మట్టిదారిలో 30 కిలోమీటర్ల వేగానికి దిగడం ఏ రబ్బరు కన్నా చవకైన నివారణ. ముందు పోయే బండికి దూరంగా ఉండడం గురించి కూడా ఒక లెక్క ఉంది. నూరు మైక్రాన్ల ఇసుకరేణువు సెకనుకు సుమారు అర మీటరు వేగంతో నేలకు దిగుతుంది. పది మైక్రాన్ల ఒండ్రురేణువు సెకనుకు 8 మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. మీటరు ఎత్తుకు లేచినది నేల చేరడానికి, గాలి పూర్తిగా నిలిచి ఉన్నా, రెండు నిమిషాలు పడుతుంది. అందువల్ల లంకల ఇసుకదారిలో కాస్త ఆగితే చాలు. ఎండిన ఒండ్రు దారిలో ముందు లారీ కనుమరుగైనా దాని ధూళి ఇంకా అక్కడే ఉంటుంది.

5. సందులను వెతకడం, మూయడం

సందును కనిపెట్టడానికి పరికరాలు అవసరం లేదు. చీకటి పడ్డాక తొట్టిలో దీపం పెట్టి తలుపులు మూసి చుట్టూ తిరిగితే వెలుగు కనిపించిన ప్రతి చోటా ధూళికి దారి ఉన్నట్టే. మలుపు తిరిగిన సందుల్లోంచి వెలుగు రాదు కనుక ఈ పరీక్షలో గట్టెక్కిన చోట మరొకటి చేయాలి. తలుపు అంచుకు సుద్దపొడి రాసి మూసి తెరిస్తే, ఎదుటి రబ్బరు మీద సుద్ద అంటని చోటు ఒత్తిడి తగలని చోటు. కాగితం ముక్కను మధ్యలో ఉంచి తలుపు మూసి లాగి చూడడం మూడవ పరీక్ష. కాగితం తేలిగ్గా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు ఉన్నా లేనట్టే. తలుపు బందుల దగ్గర, గొళ్లెం కన్నా దూరంగా ఉన్న మూలల దగ్గర ఎక్కువగా ఈ లోపం బయటపడుతుంది. అక్కడ రబ్బరు మార్చడంకన్నా రెండో గొళ్లెం పెట్టించడం మేలు.

రబ్బరు బీడింగు ఎంపికలో ధరకన్నా గుణం ముఖ్యం. పరుపుల్లో వాడే స్పాంజి వంటి, గాలిగదులు ఒకదానితో ఒకటి కలిసి ఉండే రకం నీటిని పీల్చుకుని పట్టి ఉంచుతుంది. రేకు తుప్పు పడుతుంది. గాలిగదులు విడివిడిగా మూసి ఉన్న రకమే తలుపులకు తగినది. సహజ రబ్బరు ఎండకు, గాలిలోని ఓజోనుకు పగుళ్లు వారుతుంది. కార్ల తలుపులకు వాడే ఇ.పి.డి.ఎం. రబ్బరు ఈ రెండింటినీ బాగా తట్టుకుంటుంది. తలుపు మూసినప్పుడు రబ్బరు తన మందంలో నాలుగోవంతు మేర నొక్కుకోవాలి. అంతకన్నా మరీ ఎక్కువ నొక్కితే కొన్నాళ్లకు చదునై తిరిగి లేవదు. కదలని అతుకుల్లో, అంటే రేకు మీద రేకు కూర్చున్నచోట, బ్యూటైల్ పట్టీ మంచిది. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుదల చేస్తుంది. జింకు పూత రేకు మీద దానిని వాడితే పూత దెబ్బతింటుంది. ఆ వాసన లేని రకాలు అంగళ్లలో దొరుకుతాయి.

ధూళి, నీరు ఒకే శత్రువుకు రెండు పేర్లు కావని అంతర్జాతీయ ప్రమాణాలు సైతం గుర్తించాయి. విద్యుత్ పరికరాల పెట్టెలకు వర్తించే ఐ.ఇ.సి. 60529 ప్రమాణం ఐ.పి. అనే అక్షరాల తరవాత రెండు అంకెలు ఇస్తుంది. మొదటిది ఘనపదార్థాలు, ధూళి నుంచి రక్షణను, రెండవది నీటినుంచి రక్షణను సూచిస్తుంది. వానకు కారని పెట్టె ధూళిని ఆపుతుందన్న హామీ లేదు. చూరు నీటిని ఆపుతుంది. గాలితో తేలివచ్చే ఒండ్రు చూరును లెక్కచేయదు.

సందులన్నీ మూయడం కష్టమైనప్పుడు మరో ఉపాయం ఉంది. క్యాబిన్ పైన, ఎదురుగాలి నేరుగా తగిలేచోట, వడపోత బిగించిన ఒక గాలినోరు పెట్టి తొట్టిలోకి శుభ్రమైన గాలిని పంపడం. లోపలి ఒత్తిడి బయటికన్నా కొంచెం పెరిగితే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. ధూళి లోపలికి రాలేదు. క్యాబిన్ పైన కాస్త శుభ్రమైన గాలి దొరుకుతుంది కనుక వడపోత త్వరగా పూడుకుపోదు. మరి ఆ నోట్లో వాన కొడితే? ఈ చిక్కును ఓడలవారు ఏనాడో విప్పారు. 1930లో నిర్మించిన డొరేడ్ అనే తెరచాప పడవ పేరుతోనే ప్రసిద్ధమైన ఒక పెట్టె ఉంది. గాలినోరు ముందు ఈ పెట్టెలోకి తెరుచుకుంటుంది. పడవలోపలికి పోయే గొట్టం అదే పెట్టెలో మరోచోట, అడుగుకన్నా ఎత్తుగా నిలబడి ఉంటుంది. గాలి మలుపు తిరిగి గొట్టంలోకి పోతుంది. బరువైన నీరు పెట్టె అడుగున పడి పక్క రంధ్రాల్లోంచి జారిపోతుంది. ఒక రేకుపెట్టెతో ట్రక్కు కప్పు మీద దీనిని కట్టడం ఆటోనగర్ పనివానికి పూటపని. శాశ్వతంగా కప్పు కట్టించేవారు, బండి రూపాన్ని మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను విధించిన పరిమితులను ముందే తెలుసుకోవడం అవసరం.

6. మూయడమా, తెరవడమా: సరుకు నిర్ణయం

ఇంతవరకు చెప్పినది బయటి నీటి గురించి. తొట్టి లోపలే పుట్టే నీరు మరో సమస్య. సందు లేకుండా మూసిన తొట్టిలో రాత్రంతా నిలిపిన సరుకు, చుక్క వాన పడకపోయినా, తెల్లవారేసరికి పైభాగాన తడిసి ఉండవచ్చు. రాత్రి రేకు చల్లబడుతుంది. లోపలి గాలిలోని తేమ దాని అడుగున చెమటలా పట్టి, బొట్లుగా రాలుతుంది. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు, 24 డిగ్రీలకు చల్లబడితే 22 గ్రాములే. 5 ఘనమీటర్ల తొట్టిలో ఈ తేడా అరవై గ్రాములు కూడా దాటదు. బస్తాలు తడవడానికి అది చాలదు. అసలు నీరు గాలిలోది కాదు, సరుకులోది. 500 కిలోల ధాన్యం తన తేమలో ఒక్క శాతం వదిలినా 5 లీటర్లు. గాలి ఆ తేమను సరుకునుంచి తీసుకుని రేకుకు అప్పగిస్తూ, మళ్లీ సరుకు దగ్గరికి వస్తూ రాత్రంతా మధ్యవర్తిత్వం చేస్తుంది.

కోనసీమ సరుకుల్లో ఈ తేడా కళ్లకు కడుతుంది. ఎండుకొబ్బరిలో తేమ సుమారు 6 శాతానికి తగ్గితేనే అది నిల్వకు ఆగుతుంది. తడి తగిలిన కొబ్బరి మీద పెరిగే బూజుల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ ఒకటి. అది అఫ్లటాక్సిన్ అనే విషపదార్థాన్ని తయారుచేస్తుంది. రంగు మారిన కురిడీకి ధర తెగ్గోయడం వ్యాపారికి పట్టే క్షణం పని. రైతుకు అది నెలల తరబడి ఎండబెట్టి, అటక మీద దాచిన సరుకు. అందుకే ఎండుకొబ్బరికి మూసిన తొట్టి కావాలి, అయితే ఎండుకొబ్బరి నిజంగా ఎండి ఉండాలి. సరిగా ఎండని కొబ్బరిని మూసిన తొట్టిలో వేయడంకన్నా తెరిచిన బండిలో తీసుకుపోవడమే మేలు. ధాన్యం సంగతీ అంతే. కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతానికి మించకూడదన్న నిబంధన ఉన్నందువల్ల, తొట్టిలో పట్టిన చెమట కూడా రైతు లెక్కలోకే వస్తుంది.

అరటిగెల ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. కోసిన తరవాత కూడా అది ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది, తనను తాను పండించుకునే ఇథిలీన్ వాయువును వదులుతుంది. గాలి ఆడని తొట్టిలో దూరప్రయాణం చేస్తే గెల గమ్యం చేరకముందే పండుతుంది. దానికి పైన ఎండ తగలకుండా కప్పు, పక్కల గాలి ఆడే జాలీ చాలు. ధూళి తొక్క మీద పడినా కడిగితే పోతుంది. నిండుకాయ కొబ్బరికి తడీ ధూళీ రెండూ పెద్ద లెక్క కావు, ప్రకృతే దానికి పీచుతో ఒక బాడీ కట్టి పంపింది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు వీటన్నిటికన్నా సుకుమారమైనవి. బియ్యపు జావతో కుండ మీద తీసే ఆ రేకు తేమ తగిలితే మెత్తబడి ముద్దవుతుంది, ధూళి పడితే కడగడానికి వీలులేదు. వాటికి బండి తొట్టిని నమ్ముకోవడంకన్నా డబ్బానే గాలి చొరకుండా మూయడం వివేకం. సరుకు చిన్నదైనప్పుడు రక్షణను బండినుంచి పెట్టెకు మార్చడం ఎప్పుడూ చవకే.

కప్పు బండి ప్రజాజీవితంలోకి విస్తృతంగా వచ్చిన సందర్భం ఒకటి ఇక్కడ స్మరించదగినది. 2021 జనవరి 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటివద్దకే రేషను బియ్యం అందించేందుకు 9,260 వాహనాలను ప్రారంభించింది. వాటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్ బండ్లు. 2025 జూన్ 1 నుంచి పంపిణీ తిరిగి చౌకధరల దుకాణాలకు మారేవరకు ఈ బండ్లు ఊరూరా తిరిగాయి. ఆ విధానం మంచిచెడ్డలు ఈ వ్యాసం పరిధిలోనివి కావు. సాంకేతికంగా మాత్రం ఆ పని బస్తాల రవాణాకన్నా కష్టమైనది. బస్తాలు మోసే బండి తలుపు ఎక్కేచోట ఒకసారి, దిగేచోట ఒకసారి తెరుస్తారు. వీధివీధినా ఆగి తూచి ఇచ్చే బండి తలుపు రోజంతా తెరుస్తూ మూస్తూ ఉండాలి. అటువంటి బండికి రబ్బరు కన్నా ముందు కావలసింది తలుపు తెరిచినప్పుడు మనిషినీ, తూకాన్నీ, బియ్యాన్నీ కలిపి కాచే చూరు. నడిచేటప్పటి రక్షణ, నిలిచినప్పటి రక్షణ వేరువేరని బాడీ గీసేవారు మొదటే గుర్తించవలసిన పనులు ఇటువంటివి.

పలివెల వంటి ఊరిలో ఒకే బండి ఉదయం ఎండుకొబ్బరి, సాయంత్రం అరటిగెలలు వేసుకుని పోతుంది. అందువల్ల శాశ్వతంగా మూసిన తొట్టి, శాశ్వతంగా తెరిచిన తొట్టి రెండూ యజమానికి నష్టమే. ముందు గాలినోటికి మూత, పక్కజాలీలకు లోపలినుంచి బిగించే రేకుపలకలు, వెనుక తలుపు పైభాగాన తెరుచుకునే చిన్న కిటికీ ఉంటే సరుకును బట్టి మార్చుకోవచ్చు. గాలినోరు మూసి ఉన్నప్పుడు వెనుక కిటికీ ఒక్కటీ తెరిచి నడపకూడదు. పైన వివరించినట్టు అది ధూళికి తలుపు తీసినట్టే. తొట్టి అడుగున నీరు పోయే రంధ్రాల విషయంలో కూడా ఇటువంటి ఇరకాటమే. అవి లేకపోతే ఎలాగో చేరిన నీరు పలకల కింద నిలిచి తుప్పు పుట్టిస్తుంది. ఉంటే చక్రాల ధూళి వాటిగుండా పైకి వస్తుంది. పాత సైకిల్ ట్యూబును వేలెడు పొడవున కోసి, రంధ్రానికి కిందినుంచి బిగించి, చివర చదునుగా అంటుకునేలా వదిలితే నీటి బరువుకు అది విచ్చుకుని నీటిని వదిలి, మళ్లీ మూసుకుంటుంది. బురదదారిలో నడిచిన ప్రతిసారీ ఆ ట్యూబు మూతిని వేళ్లతో నలిపి మట్టి రాల్చాలి. ఎండిన ఒండ్రు పట్టేస్తే అది తెరుచుకోవడం మానుతుంది.